కట్టెలు చీల్చడం: గొడ్డలి ఎంపిక నుంచి దెబ్బ వేసే తీరు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లో మొదలైంది. ఆ తర్వాత గ్యాస్ బండ చాలా ఇళ్లకు చేరింది. అయినా పెరట్లో కట్టెల పొయ్యి ఆరిపోలేదు. స్నానాలకు నీళ్లు కాగాలన్నా, పశువులకు ఉలవలు ఉడకాలన్నా, పెళ్లికి పెద్ద గుండిగలు ఎక్కాలన్నా ఇప్పటికీ కట్టెలే. అవి చీల్చే పని మాత్రం ఎవరికీ ఎవరూ నేర్పరు. చేతికి దొరికిన గొడ్డలితో, చూసి పట్టిన అలవాటుతో చేసుకుపోతాం. అందుకే ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు వివరంగా జవాబులు రాస్తున్నాను.

ఇంట్లో ఉన్న మామూలు గొడ్డలి చాలదా?

జానెడు లావు లోపు, ముడులు లేని కట్టెకు చాలు. అంతకు మించితే ఒళ్లు హూనమవుతుంది.

మన ఇళ్లలో ఉండే గొడ్డలి చాలావరకు కొమ్మలు నరకడానికి చేసింది. దాని అలుగు పల్చగా ఉంటుంది. కొమ్మను అడ్డంగా నరికేటప్పుడు చెక్క పోగులు తెగాలి కాబట్టి పల్చటి పదును కావాలి. చీల్చేటప్పుడు పోగులు తెగనక్కర్లేదు, ఒకదాన్నొకటి వదిలి పక్కకు జరగాలి. ఆ పని చేసేది అంచు వెనకాల ఉన్న లావు. పల్చటి గొడ్డలి దుంగలోకి సూటిగా దిగి అక్కడే ఇరుక్కుంటుంది. దాన్ని ఊపి ఊపి పీకడానికే సగం ఓపిక అయిపోతుంది.

చీల్చే గొడ్డలిని పైనుంచి చూస్తే అంచు నుంచి వెనక్కి పోయేకొద్దీ బుగ్గలు ఉబ్బి కనిపించాలి. పాతకాలం గండ్రగొడ్డళ్లలో ఈ బుగ్గ ఉండేది. వరసగా మూడు నాలుగు దెబ్బల్లో ప్రతిసారీ గొడ్డలి ఇరుక్కుంటోందంటే, లోపం మీ బలంలో లేదు. ఆ పనికి అది తగిన గొడ్డలి కాదు.

బరువు ఎంత ఉండాలి?

తల బరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు ఉంటే ఇంటి అవసరాలకు సరిపోతుంది. చీల్చడానికే ప్రత్యేకంగా చేసిన బరువైన గొడ్డళ్లు, 'మాల్' పేరుతో అమ్మేవి, రెండున్నర నుంచి మూడున్నర కిలోల దాకా ఉంటాయి. చాలామంది బరువు ఎక్కువైతే పని తేలికవుతుందనుకుని వాటిని కొంటారు. లెక్క వేరేలా ఉంటుంది. తల బరువు రెట్టింపైతే దెబ్బ శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. మూడున్నర కిలోలు ఎత్తి మెల్లగా దించే మనిషి కంటే, రెండు కిలోలు చురుగ్గా దించే మనిషి దెబ్బే గట్టిది. పైగా పదిహేను దెబ్బలయ్యాక కూడా చెయ్యి వణకదు. చేయి అలిసినప్పుడే గురి తప్పుతుంది, గాయాలూ అప్పుడే అవుతాయి.

కొనే ముందు గొడ్డలిని నెత్తి దాకా పదిసార్లు ఎత్తి దించి చూడండి. పదోసారి కూడా అనుకున్న చోటే ఆపగలిగితే ఆ బరువు మీకు సరిపోయినట్టే.

కామ, అంటే గొడ్డలి పిడి కర్ర, పొడవు గురించి అంత పట్టింపు ఎందుకు?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదేనని నా నమ్మకం. పల్లెల్లో రోజువారీ పొయ్యిలోకి కట్టెలు కొట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల చేతికి దొరికేది ఒకటిన్నర అడుగుల కామ ఉన్న చిన్న గొడ్డలి. "చిన్నదైతే తేలిగ్గా ఉంటుంది, ప్రమాదం ఉండదు" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి చీల్చే పనిలో పొట్టి కామే ప్రమాదం.

గొడ్డలి దెబ్బ భుజం నుంచి గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది. గురి తప్పిందనుకోండి, పొడవు కామ ఉన్న గొడ్డలి పాదాలకు ముందున్న నేలలో దిగి ఆగిపోతుంది. పొట్టి కామదైతే నేలను అందుకోదు. అదే వంపులో తిరిగి మోకాలి చిప్ప మీదకో, ముంగాలి మీదకో వస్తుంది. అందుకే నిలబడి కొట్టే గొడ్డలికి కామ కనీసం రెండున్నర అడుగులు ఉండాలి. మామూలు ఎత్తు మనిషికి 80 నుంచి 90 సెంటీమీటర్లు బాగుంటుంది. తల బరువు తగ్గించండి కానీ కామ తగ్గించకండి. ఇంట్లో అమ్మో, అత్తో కట్టెలు కొడుతుంటే కిలోంపావు తల, పొడవు కామ పెట్టించి ఇవ్వండి. దానికయ్యే ఖర్చు ఒక్కసారి ఆస్పత్రికి పోయి రావడం కంటే తక్కువ.

పొట్టి కామ గొడ్డలి వాడక తప్పకపోతే కింద కూర్చునో, మోకాళ్ల మీద ఉండో, ఎత్తయిన మొద్దు మీద సన్న పుల్లలు మాత్రమే చీల్చండి. నిలబడి దుంగలు కొట్టడానికి అది పనికిరాదు.

కామకు ఏ కర్ర మంచిది?

దెబ్బ అదురును మింగేది, విరగకుండా వంగేది కావాలి. అడవి దగ్గరున్న ఊళ్లలో తిరుమాను, అంటే చిరుమాను కర్రకు సాటి లేదంటారు. బండి ఇరుసులకు వాడిన కర్ర అది. అది దొరక్కపోతే నల్ల తుమ్మ చేవ, గట్టి వెదురు కూడా బాగా పనిచేస్తాయి. చెట్టు ఏదైనా ఒకటి చూసుకోవాలి: చెక్క పోగులు కామ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా నడవాలి. మధ్యలో పక్కకు తిరిగి అంచు దాటిపోతే సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకని రంపంతో కోసిన చెక్క కంటే, చీల్చి చెక్కిన కర్ర మేలు.

తల వదులైతే రాత్రంతా నీళ్ల బకెట్లో నానబెట్టడం అందరూ చేసేదే. ఆ రోజుకు బిగుస్తుంది. ఎండాక కర్ర ముందుకంటే ఎక్కువ కుంచించుకుపోయి మళ్లీ వదులవుతుంది. కామ తలలో కొత్త చెక్క మేకు దిగ్గొట్టించడమే సరైన మందు. ఏడాదికి ఒకసారి అవిసె నూనె రాస్తే కర్ర పగలదు. వార్నిష్ మాత్రం వద్దు, అరచేతులు బొబ్బలెక్కుతాయి.

కమ్మరి దగ్గర చేయించుకోవాలా, షాపులో కొనాలా?

మీ ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తుంటే అక్కడికే వెళ్లండి. లారీల పాత కమాన్ పట్టీల ఉక్కు గొడ్డలికి బాగా సరిపోతుంది. చాలామంది కమ్మర్లు దాన్నే వాడతారు. పైగా మీకు కావాల్సిన బరువు, బుగ్గ లావు, మీ ఎత్తుకు తగిన కామ చెప్పి చేయించుకోవచ్చు. ఆ సౌకర్యం ఏ ఆన్‌లైన్ షాపూ ఇవ్వదు. "నరకడానికి కాదు, దుంగలు చీల్చడానికి" అని ముందే స్పష్టంగా చెప్పండి. లేకపోతే అలవాటు ప్రకారం పల్చగా సాగదీస్తారు.

హార్డ్‌వేర్ షాపులో కొంటే కామ దూరే కన్ను సరిగ్గా మధ్యలో ఉందా, కామ వెంట చూస్తే అంచు సూటిగా కనిపిస్తోందా చూసుకోండి. కొత్త కామకు మందంగా రంగు పూసి ఉంటే అనుమానించండి. పగుళ్లు, ముడులు ఆ రంగు కిందే దాక్కుంటాయి.

పదును ఎంత పెట్టాలి?

గడ్డం గీసుకునేంత అక్కర్లేదు. మొండిగా ఉన్నా కష్టమే, ఎండిన చెక్క మీద తగిలి ఎగిరి పక్కకు పడుతుంది. అంచు తగిలిన చోట జారకుండా పట్టుకునేంత పదును ఉంటే చాలు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, తర్వాత సానరాయి మీద లాగండి. కరెంటు సాన చక్రం మీద పట్టిస్తే మధ్య మధ్యలో నీళ్లలో ముంచమనండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే. ఇక పదును నిలవదు.

దుంగ మీద దెబ్బ ఎక్కడ వేయాలి?

గొడ్డలి ఎత్తే ముందు దుంగను అటూ ఇటూ తిప్పి చూడండి. పనిలో సగం ఇక్కడే తేలిపోతుంది.

కోసిన ముఖం మీద నడిబొడ్డు నుంచి అంచుకు పోయే బీటలు ఉంటాయి. ఎండే కొద్దీ చెక్క తనంతట తాను విడిపోవడం మొదలుపెట్టిన దారులవి. అందులో పెద్ద బీట ఎంచుకుని గొడ్డలి అంచు దాని వెంట పడేలా నిలబడండి. బీటకు అడ్డంగా కొట్టిన దెబ్బ దండగ. తర్వాత పక్కల మీద ముడులు చూడండి. కొమ్మ మొలిచిన చోట పోగులు చుట్టుకుని ఉంటాయి కాబట్టి బీట అక్కడ ఆగిపోతుంది. ముడి ఒక పక్కనుంటే దానికి దూరంగా గీత ఎంచుకోవాలి. తప్పనప్పుడు ముడి నడిమధ్యలోంచి పోయే గీత పట్టుకోవాలి, దాని పక్కగా వద్దు.

అడుగు లోపు అడ్డం ఉన్న దుంగకు మధ్యలోంచి కొట్టవచ్చు. అంతకంటే లావైన దానికి నడిమధ్య కొట్టడం చాలామంది చేసే పొరపాటు. అన్ని వైపులా చెక్క ఒత్తిపట్టి ఉంటుంది కాబట్టి విడిపోవడానికి చోటుండదు. పనసపండు ముక్కలు చేసేటప్పుడు ఒక అంచు నుంచి మొదలుపెట్టి తిప్పుకుంటూ పోతాం కదా, లావు దుంగకూ అదే పద్ధతి. అంచు నుంచి నాలుగు వేళ్ల లోపలికి ఒక పేడు, పక్కన ఇంకో పేడు, ఇలా చుట్టూ ఊడగొట్టుకుంటూ రావాలి. మిగిలిన నడిబొడ్డు చివర్లో తేలిగ్గా చీలుతుంది. మొదటి దెబ్బ దగ్గరి అంచున వేయండి. దూరపు అంచున వేస్తే, గురి కాస్త దాటినా కామ దుంగ అంచుకు తగిలి విరుగుతుంది.

రెండో దెబ్బ మొదటిది పడిన గాటులోనే పడాలి. బలం కంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది ఆ గురినే.

ఎలా నిలబడాలి?

ముందు దూరం చూసుకోండి. రెండు చేతులూ చాచి గొడ్డలి అంచును కొట్టాల్సిన చోట ఆనించండి. నడుము వంచకుండా, ముందుకు తూలకుండా ఆనితే అదే మీ చోటు. పాదాలు భుజాల వెడల్పున పక్కపక్కనే ఉండాలి. ఒక కాలు ముందుకు పెడితే ఆ కాలు దెబ్బ దారిలోకి వస్తుంది.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి తల దగ్గర, ఇంకో చెయ్యి కామ చివర ఉంటుంది. దించేటప్పుడు పైచేతిని కామ వెంట జారనిచ్చి కిందిచేతి పక్కకు చేర్చండి. వేగం వచ్చేది ఈ జారుడు వల్లే. గొడ్డలి దుంగను తాకే క్షణంలో మోకాళ్లు కొద్దిగా వంచండి. అలా వంచితే అంచు మీ వైపు తిరక్కుండా నిలువుగా దిగుతుంది. చూపు గొడ్డలి మీద కాదు, గాటు మీద ఉండాలి.

కింద పెట్టుకునే మొద్దు ఎలా ఉండాలి?

దుంగను నేల మీద పెట్టి కొడితే దెబ్బలో కొంత మట్టి మింగేస్తుంది. పైగా తప్పిన ప్రతి దెబ్బకూ అంచు రాయికి తగులుతుంది. అడుగు ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న మొద్దు పెట్టుకోండి. చింత మొద్దు దొరికితే వదలకండి. మాంసం కొట్టువాళ్లు దాన్నే ఎందుకు వాడతారంటే, దాని పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి, ఎన్ని దెబ్బలు తిన్నా చీలదు. మొద్దు మీద పాత స్కూటర్ టైరో, కారు టైరో పెట్టి అందులో దుంగ నిలబెడితే చీలిన ముక్కలు ఎగిరి కాళ్ల మీద పడవు. ప్రతిసారీ వంగి ఏరుకునే పనీ తప్పుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇది చాలా ఉపయోగం.

దుంగను కాలితో తొక్కిపట్టి కొట్టడం మా ఊరి అలవాటు. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. మానేయండి. చేత్తో పట్టుకుని కొట్టడం కూడా అంతే. దుంగ నిలబడకపోతే కింద రాయి పెట్టండి, టైరులో ఇరికించండి, రెండు దుంగల మధ్య ఆనించండి. సన్న పుల్ల చీల్చాలంటే గొడ్డలి అంచును పుల్ల కొసన ఆనించి, రెండూ కలిపి ఎత్తి మొద్దుకేసి కొట్టండి. వేళ్లు అంచు దారిలోకి రావు.

మేకులు, సమ్మెట ఎప్పుడు కావాలి?

అడుగున్నర దాటిన లావు దుంగకు, రెండు మూడు అడుగుల పొడవు మొద్దుకు, మెలి తిరిగిన చెక్కకు గొడ్డలితో కుస్తీ పట్టడం వృథా. రెండు మూడు ఇనుప మేకులు (గోడకు కొట్టే సన్న మేకులు కాదు, ఒక కొస పల్చగా, నెత్తి లావుగా ఉండేవి), నాలుగైదు కిలోల సమ్మెట ఉంటే నిదానంగా పని సాగిపోతుంది. మొద్దు కొసన బీట మీద మేకు నిలబెట్టి చిన్న దెబ్బలతో దిగనివ్వండి. బీట పక్కకు పాకాక, అది పాకిన చోట రెండో మేకు పెట్టండి. రెండోది దిగేసరికి మొదటిది వదులై చేతికొస్తుంది. దాన్ని ఇంకా ముందు పెట్టండి. పొడవాటి తాటి మొద్దును వాసాలకు చీల్చేదీ ఈ పద్ధతిలోనే.

మేకు నెత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులు విరిగి ముక్కలుగా ఎగిరితే కంట్లో గుచ్చుకుంటాయి. విచ్చుకోగానే సాన పట్టించి తీసేయించండి. గొడ్డలి వెనక భాగాన్ని సమ్మెటగా వాడొద్దు, ఇరుక్కున్న గొడ్డలి మీద సమ్మెటతో కొట్టొద్దు. గొడ్డలి కన్ను పగిలేది అందుకే. కళ్లజోడు లేకుండా ఉక్కు మీద ఉక్కు కొట్టకండి. వెల్డింగ్ షాపుల్లో దొరికే తెల్ల అద్దాల జోడు చాలు.

ఏ చెట్టు కట్టె ఎలా చీలుతుంది?

సరుగుడు, సుబాబుల్ మొదటిసారి నేర్చుకునేవాళ్లకు అనువైనవి. నిటారుగా పెరుగుతాయి, పోగు సూటిగా ఉంటుంది. కోస్తా ఇసుక నేలల సరుగుడు అసలు అంత లావు కాకముందే నరుకుతారు కాబట్టి చాలాసార్లు చీల్చే పనే ఉండదు. సుబాబుల్ త్వరగా మండి త్వరగా అయిపోతుంది.

నల్ల తుమ్మ, సర్కారు తుమ్మ నిప్పుకు గొప్పవి. బొగ్గు చాలాసేపు నిలుస్తుంది. చీల్చాలంటే మాత్రం కొట్టిన కొత్తలోనే చీల్చాలి, ఎండితే రాయే. సర్కారు తుమ్మ వంకరగా ఉంటుంది కాబట్టి ముందు వంకరల దగ్గర పొట్టి ముక్కలుగా కోసుకోండి. దాని ముల్లు గుచ్చుకుంటే వాచి రోజుల తరబడి సలుపుతుంది. చెప్పుల్లోంచి కూడా దిగుతుంది, బూట్లు వేసుకోండి.

జామాయిల్ మోసం చేసే కట్టె. చూడటానికి నున్నగా, సూటిగా ఉంటుంది. లోపల పోగు మెలి తిరిగి ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు దెబ్బకు విడిపోతుంది, ఒక వేసవి ఎండితే గొడ్డలి ఎగిరిపడుతుంది. వేపది మధ్యస్తం. మామిడి మాను సూటిగా ఉన్నచోట బాగానే చీలుతుంది, పంగల దగ్గర మొరాయిస్తుంది. తడిగా వదిలేస్తే తొందరగా పుచ్చిపోతుంది.

చింతను మాత్రం గొడ్డలితో గెలవలేం. మేకులు పెట్టండి, లేదా సా మిల్లులో కోయించండి. పంగలు, వేరు మొద్దులు ఏ చెట్టువైనా అంతే. వాటిని పక్కన పెట్టి భోగి మంటకు మొత్తంగా వేసేయడం హాయి.

పచ్చిగా చీల్చాలా, ఎండాకా?

మన దగ్గర దొరికే గట్టి కట్టెలు చాలావరకు పచ్చిగానే చీల్చాలి. చీల్చాక ఎండబెట్టాలి. బెరడు తేమను బయటికి పోనివ్వదు. చీల్చిన ముఖం నుంచి తేమ త్వరగా ఆరుతుంది. మార్చిలో చీల్చి పెడితే మన ఎండలకు జూన్ వానల నాటికి సన్న పేళ్లు పొయ్యికి సిద్ధమవుతాయి. ఎండిందో లేదో చూడాలంటే రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దు చప్పుడు చేస్తాయి.

పచ్చి కట్టె కాల్చడంలో పొగ ఒక్కటే నష్టం కాదు. ఒక కిలో నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 540 కిలోకేలరీల వేడి పోతుంది. ఆ వేడి మీ గిన్నెకు అందాల్సింది. ఆ పొగ పీల్చేది మళ్లీ పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లే.

అడితిలో బరువు లెక్కన కొనేటప్పుడు ఏం చూడాలి?

తేమ చూడండి. అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో 45 శాతం దాకా నీళ్లే ఉండవచ్చు. అలాంటిది ఒక టన్ను కొంటే, తేమ 20 శాతానికి దిగేసరికి మీ దగ్గర మిగిలేది సుమారు 690 కిలోలు. పచ్చి కట్టె చవకని కొనేవాళ్లు ఈ లెక్క వేసుకుని ధర మాట్లాడుకోవాలి. చీల్చే ఓపిక, ఎండబెట్టే చోటు ఉంటే పచ్చిది కొనడంలో తప్పులేదు.

సొంత పొలంలో చెట్టు కొట్టడానికి అనుమతి కావాలా?

నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ చెట్ల నరికివేతకు వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. గొడ్డలి వేసే ముందు దగ్గరి అటవీ శాఖ ఆఫీసులో మీ చెట్టు పేరు చెప్పి కనుక్కోండి. ఎర్రచందనం, గంధం జోలికి అసలు పోవద్దు.

కట్టెలు ఎక్కడ పేర్చాలి?

కింద రాళ్లు గానీ ఇటుకలు గానీ పరిచి, నేలకు తగలకుండా పేర్చండి. లేకపోతే చెదలు పడతాయి. పైన రేకు వేయండి, పక్కలు మాత్రం గాలికి వదలండి. టార్పాలిన్‌తో మొత్తం చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇంటి గోడకు ఆనించి, ముఖ్యంగా పడుకునే గది కిటికీ కింద పేర్చవద్దు. ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. చీకట్లో కట్టె తీయాల్సి వస్తే టార్చి వేసి, ముందు కర్రతో కదిలించాకే చెయ్యి పెట్టండి.

పొయ్యిలో పెట్టకూడని కట్టెలు ఉన్నాయా?

గన్నేరు వద్దు. దాని పొగ కూడా విషమే, వంటకు అసలే పనికిరాదు. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్, చెదల మందు పట్టించిన చెక్కలు కూడా కాల్చకండి.

గొడ్డలి దెబ్బ తగిలితే ముందు ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. రక్తం ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకండి. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టి అదమండి. పడుకోబెట్టి కాలో చెయ్యో ఎత్తులో ఉంచండి. పసుపు, కాఫీ పొడి, మట్టి, ఆకు పసర్లు ఏవీ వేయొద్దు. వాటిని కడగడానికే డాక్టరుకు అరగంట పడుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. 108కి ఫోన్ చేయండి. గాయం చిన్నదే అనిపించినా టీటీ ఇంజెక్షన్ గురించి అదే రోజు డాక్టరును అడగండి. వేళ్లు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా నరమో కండర తాడో తెగి ఉండవచ్చు. ఆ మాట ఆస్పత్రిలో అడుగు పెట్టగానే చెప్పండి.